ఫ్యామిలీ అంటే నలుగురు

శనివారం ఉదయం పదిన్నరకు హైటెక్ సిటీలోని మా ఆఫీసు గేటు ముందు ఒక పెళ్ళి బస్సు వచ్చి ఆగింది. ముందు అద్దానికి బంతిపూల దండ కూడా ఉంది. అందులోంచి ముప్పై ఒక్క మంది దిగారు. చివరగా దిగిన పెద్దావిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మడత నలగని కాగితం. ఆ కాగితం మీది రాత నాది. మరో అరగంటలో ఒక అమ్మాయి ఉద్యోగం ఊడేదాకా తేబోతున్నదీ నేనే. ఎలాగో చెబుతాను. తొందరేం లేదు, బస్సు ఎక్కడికీ పోదు.

అప్పటికి నేను పత్రికలో పన్నెండేళ్ళు డెస్కులో పనిచేసి, ఈ కంపెనీలో చేరి మూడు నెలలైంది. ఉద్యోగులకు వెళ్ళే మెయిళ్ళు, ప్రకటనలు రాయడం నా పని. అడగనివాళ్ళకు కూడా మాటల అర్థాలు చెప్పడం పనిలో భాగం కాదు, అది నా జబ్బు.

హెచ్ఆర్‌లో శిరీష అని కాకినాడ అమ్మాయి ఉండేది. ఆ నెలాఖరుకు ఆమె ప్రొబేషన్ పూర్తవుతుంది. ఉద్యోగుల ఇంటివాళ్ళను ఆఫీసుకు పిలిచే ఫ్యామిలీ డే సవ్యంగా జరిపిస్తే ఉద్యోగం ఖాయం, రచ్చయితే ఇంటికి. ఈ సంగతి చెప్పే నన్ను ఆహ్వానం రాయమంది.

"ఇంటిదగ్గర పెద్దవాళ్ళు చదువుకునేలా తెలుగులో కావాలండి. ఫ్యామిలీ అంటే నలుగురే అని మాత్రం స్పష్టంగా వేయండి."

"ఏ నలుగురమ్మా?"

"అమ్మానాన్నలు, భార్యో భర్తో, పిల్లలు. నలుగురు దాటితే సిస్టమ్ పాసు ఇవ్వదండి."

అంతటితో ఊరుకుని రాసి ఉంటే ఈ కథ లేదు. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. కొండాపూర్‌లో మా ఇంటి ఓనరుకు ఫ్యామిలీ అంటే బ్యాచిలర్లు కానివాళ్ళు. హోటల్లో ఫ్యామిలీ అంటే తెర అవతల కూర్చునేవాళ్ళు. మా మేనేజరుకు ఫ్యామిలీ అంటే పుట్టింటికి వెళ్ళిన భార్య. కంపెనీకి ఫ్యామిలీ అంటే జీతాలు పెంచలేని సంవత్సరంలో మేమందరం. "ఇంత విశాలమైన మాటను నలుగురికి కుదించడం అన్యాయం కాదా?" అని ముగించాను.

"అన్యాయమేనండి. నలుగురే అని వేయండి," అంది శిరీష.

"పిలుపులో తలకాయలు లెక్కపెట్టకూడదమ్మా. ఇంగ్లీషు మెయిల్లో నియమం ఎలాగూ ఉంది. తెలుగు సంగతి నాకు వదిలెయ్."

వదిలేసింది. పత్రికలో చేరకముందు శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి నాది. చివరి వరుసకు వచ్చేసరికి, చెరుకు బండి దగ్గర ఆగే ఎద్దులా, దానంతట అదే అలవాటైన చోట ఆగింది. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన" అని రాసింది. కింద చిన్న అక్షరాల్లోనైనా నలుగురు అని వేశానా అంటే, వేయలేదు. పేజీ అందం చెడుతుందని.

మా ఫ్లోర్‌లో పనిచేసే ఓబులేసు ఇంగ్లీషు మెయిల్ తను చదువుకుని, తెలుగు కార్డు ఒక్కటే ప్రొద్దుటూరుకు పంపించాడు. దాని ఫలితమే ఆ బస్సు.

"ఏంది సార్ గిది? మన ఆఫీసేమన్న ఫంక్షన్ హాలా?" అన్నాడు సెక్యూరిటీ సూపర్‌వైజర్ యాదగిరి.

"అందరూ మావాళ్ళేన్నా. కార్డు చూసి వచ్చినారు," అన్నాడు ఓబులేసు.

"అమ్మ, నాయిన, భార్య, బిడ్డ. నాలుగైనయ్. మిగిలిన ఇరవై ఏడు మంది బయటనే."

"పెద్దమ్మ బయటనా? నన్ను సాకింది ఆమెన్నా."

"నేనేం జేయాలె తమ్మీ? సిస్టమ్‌ల పెద్దమ్మ అనే గడి లేదు."

శిరీష పరుగున వచ్చింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎండీ గారు పదకొండింటికి వస్తారండి. గేటు దగ్గర ఈ గొడవ చూస్తే నా పని అయిపోయినట్టే," అంది నెమ్మదిగా.

రాసినవాడిగా సర్దిచెప్పడం నా బాధ్యత అనిపించి ముందుకు వెళ్ళాను. "అమ్మా, ఇక్కడ ఫ్యామిలీ అంటే..."

పెద్దమ్మ కవరులోంచి కాగితం తీసింది. "ఇది రాసింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా."

"పరివారమంటే ఎవరో చెప్పు."

పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఏ ఎడిటరూ నన్ను అంత తక్కువ మాటల్లో దిద్దలేదు. "మీరేనమ్మా," అన్నాను.

"అట్లయితే పక్కకు జరుగు."

దారి చూపించింది యాదగిరే. "పరేషాన్ గాకుండ్రి మేడం. బ్యాచిలర్ల పాసులు ఎవ్వరు వాడుకోలె. నలుగురు నలుగురిని పంచుండ్రి."

హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళను పిలిపించాం. పదిహేను నిమిషాల్లో పంపకం అయిపోయింది. భువనేశ్వర్ నుంచి వచ్చిన టెస్టర్ కుర్రాడికి ఆ పూటకు ప్రొద్దుటూరు తండ్రి దొరికాడు. మూసాపేటలో ఉండే మా అమ్మ ఎండలో రానని ముందే చెప్పింది కాబట్టి, నా పేరు కింద తల్లి గడిలో పెద్దమ్మను ఎక్కించి, ఆమె ఫోన్ నంబరే కొట్టారు.

పదకొండింటికి ఎండీ వచ్చేసరికి లాన్ నిండుగా ఉంది. పెద్దమ్మ ఆయన చేతిలో ఓళిగ, అంటే బొబ్బట్టు, పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు. ఇంత మంది వచ్చిన ఫ్యామిలీ డే తను చూడలేదని ఆయన మైకులో చెప్పాడు. నెలాఖరుకు శిరీష ఉద్యోగం ఖాయమైంది.

నా సంగతే తేలలేదు. ఆ రోజు పాసుల వివరాలు నేరుగా ఉద్యోగుల రికార్డుల్లోకి వెళ్ళిపోయాయి. ఏటా మాతృ దినోత్సవానికి కంపెనీ అభినందన ప్రొద్దుటూరుకు వెళుతుంది. వెంటనే పెద్దమ్మ నాకు ఫోన్ చేస్తుంది. "నాయనా, నిన్ను కన్నందుకు మీవాళ్ళు మళ్ళీ మెచ్చుకున్నారు. అన్నం తింటివా?"

ఇటు మా అమ్మ, "మీ కంపెనీ అందరి తల్లులకూ ఏదో పంపుతుందట, నాకేం రాదేరా?" అంటుంది.

ఇకమీదట క్యాంటీన్ బోర్డు మీది మాటకైనా అర్థం చెప్పనని, ఎవరినైనా పిలవాల్సి వస్తే తలలు లెక్కపెట్టి మరీ పిలుస్తానని పెద్దమ్మ ఓళిగ సాక్షిగా ప్రమాణం చేశాను. రికార్డు సరిచేయమని సిస్టమ్ చూసే విభాగానికి ఫిర్యాదు కూడా పెట్టాను. తల్లిని మార్చే ఆప్షన్ లేదని జవాబు వచ్చింది. ఫిర్యాదు మాత్రం ఇంకా మూసివేయలేదు.