తొఫాయెల్ పాఠాల్లో రెండో గొంతు

బొగురా పట్నంలో వర్క్‌షాపుల లేతు మిషన్ల రొద వారపు సెలవైన శుక్రవారం ఒక్కరోజే ఆగుతుంది. అందుకే తొఫాయెల్ ఆ పొద్దుటిపూట పడగ్గది కిటికీలకు దుప్పట్లు కట్టి, వారానికో పాఠం రికార్డు చేసేవాడు. మిగతా రోజుల్లో అతను కోచింగ్ సెంటర్లో టైపింగు నేర్పేవాడు. ప్రోగ్రామింగ్ చెప్పాలన్న కోరిక అక్కడ తీరేది కాదు. బంగ్లా తప్ప మరో భాష రానివాళ్ల కోసం యూట్యూబ్‌లో ఉచితంగా చెప్పడం మొదలుపెట్టాడు.

పాఠంలో మాటిమాటికీ "ఇది నీళ్లు తాగినంత తేలిక" అనడం అతని అలవాటు. భయపడేవాళ్లకు ధైర్యమిస్తున్నాననే అనుకునేవాడు.

ఒకనాడు మూడో పాఠం కింద హొస్నే ఆరా అనే ఆవిడ ఇలా రాసింది: "మీరు తేలిక అన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తోంది సర్. తేలికైనదీ రానిదాన్ని నాకెందుకీ చదువు? ఇక సెలవు."

వెంటనే ఎవరో కుర్రాడు, "ఆంటీ, వెళ్లి ఇలిష్ చేపల పులుసు చూసుకోండి, అడుగంటుతుంది" అని తగులుకున్నాడు. తొఫాయెల్ ఆ వెక్కిరింతను తీసేశాడు గానీ, లోపల అతనికి ఆవిడ మీదే కోపంగా ఉంది.

"ఊరికే చెబుతుంటే ఇదా మర్యాద?" అన్నాడు భార్య లుబ్నాతో.

"ఆవిడన్నదాంట్లో తప్పేముంది? పెళ్లయిన కొత్తలో నాకూ నేర్పుతానని కూర్చోబెట్టావుగా. తలనొప్పని లేచిపోయాను, గుర్తుందా?"

"నిజంగానే తలనొప్పి అనుకున్నానే!"

"నిజమే. ఆ తలనొప్పి నువ్వే."

తొఫాయెల్‌కు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆఖరికి ఆవిడకు తనే కబురు పెట్టి, వీడియో కాల్ చేశాడు. హొస్నే ఆరా నవ్‌గావ్ దగ్గర పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరు, యాభై దాటిన మనిషి. ఎక్కాలంటే పారిపోయే పిల్లల కోసం కంప్యూటర్లో ఒక ఆట తయారుచేయాలని ఆవిడ ఆశ.

"నేను చూస్తుంటాను, మీరు చేయండి ఆపా," అన్నాడు. పెద్దావిడ కదా, అక్కా అని పిలవడమే అతనికి సబబనిపించింది.

ఆవిడ ప్రోగ్రాం రాసింది. నడిపితే మళ్లీ పాత జవాబే వచ్చింది. మార్చి నడిపింది. అదే జవాబు.

"చూశారా? నా చేతిలోనే ఏదో ఉంది," అందావిడ నీరసంగా.

"మార్చాక సేవ్ చేశారా?"

"అదేమిటి? మీరెప్పుడూ చెప్పలేదే!"

తొఫాయెల్ తన వీడియోలు తిరిగి చూసుకున్నాడు. ప్రతిచోటా అతని వేళ్లు తమంతట తామే ఆ పని చేసేస్తున్నాయి, నోరు మాత్రం ఒక్కసారీ ఆ సంగతి చెప్పలేదు. ఇన్నాళ్లూ ఎంతమంది ఇక్కడే ఆగిపోయి, తమకు తెలివి లేదనుకుని వెళ్లిపోయారో! అతనికి కళ్లు చెమర్చాయి.

మర్నాడు మళ్లీ కాల్ చేసి అడిగాడు: "పాఠాలన్నీ మొదటినుంచి చెబుతాను. మీరూ ఉండండి. అర్థం కానిచోట నన్ను ఆపండి."

"నా గొంతు లోకమంతా వినాలా? మా ఆయన పడీపడీ నవ్వుతాడు!"

"నవ్వనివ్వండి ఆపా."

"అయితే ఇంకెప్పుడూ తేలిక అనకూడదు మరి."

కొత్త పాఠాలు నత్తనడక నడిచాయి. "ఆగండి సర్, ఆ బ్రాకెట్ ఎక్కణ్నుంచి ఊడిపడింది?" అని ఆవిడ ఆపేది. అలవాటుకొద్దీ అతను "నీళ్లు..." అనబోతే "సర్!" అని గద్దించేది. పాత శిష్యులు కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. చూసేవాళ్ల సంఖ్య పడిపోతుంటే తొఫాయెల్ దిగులుపడ్డాడు కూడా. తర్వాత మెల్లగా కొత్తవాళ్లు వచ్చారు. మందుల షాపాయన, రిటైరైన పోస్ట్‌మాస్టరు, చంటిపిల్లల తల్లులు. "మేం అడగలేనిది ఆపా అడుగుతోంది" అని రాశారు.

ఏడాది తిరిగేసరికి ఎక్కాల ఆట తయారైంది. తొఫాయెల్ లుబ్నాను వెంటబెట్టుకుని, తమ ఊరి తీపి పెరుగు ఓ డబ్బాడు పట్టుకుని ఆ బడికి వెళ్లాడు. పిల్లలు ఒక్క లాప్‌టాప్ చుట్టూ తోసుకుంటున్నారు. రెండు జడల పిల్ల ఒకతె అతన్ని పైనుంచి కిందికి చూసి, "మీరూ ఆడతారా?" అంది.

కూర్చున్నాడు. ఏడు తొమ్మిదులెంత అని తెర మీద ప్రశ్న. అందరూ మీదపడి చూస్తుంటే కంగారులో యాభై ఆరు కొట్టాడు. తెరంతా ఎర్రబడింది.

"సర్ తప్పు! సర్ తప్పు!" అని పిల్లలు గంతులేశారు. వాళ్లను ఊరుకోబెట్టాల్సిన హొస్నే ఆరా, గోడకానుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది.