ఏ ఊరి పేజీ ఆ ఊర్లో

నా జ్ఞాపకాల పుస్తకం అచ్చయి, కట్టలు ఆటో దిగిన రోజే బావ మా ఇంటికొచ్చాడు. బావంటే చుట్టమేం కాదు. స్టీల్ ప్లాంట్లో ఇరవై ఏళ్లకు పైగా మా ఇద్దరిదీ ఒకటే క్రేన్. నేను దిగితే ఆయన ఎక్కేవాడు, ఆయన దిగితే నేను. కట్ట ఇంకా విప్పనేలేదు, కుర్చీ లాక్కుని మొదలెట్టాడు.

"రాసీసి ఇంట్లో కూకుంటే ఎవడు సదువుతాడు బావా? ఊరూరూ తిరగాల. ప్లానంతా నాను సేత్తాను. నువ్వు నోరు మూసుకుని నా ఎనక రా, సాలు."

వేరే ఎవరైనా అయితే సంతోషపడేవాళ్లు. నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆ పుస్తకంలో అరవై మూడో పేజీ ఉంది.

ఆ పేజీ సంగతి ముందే చెప్పేస్తాను. క్రేన్ పనిలో ఒక కట్టుబాటుంది. తర్వాతి షిఫ్టువాడు, అంటే రిలీవర్, మెట్లెక్కి పైకొచ్చి కేబిన్ తలుపు తీసి చార్జి తీసుకునేదాకా సీట్లో ఉన్నవాడు దిగకూడదు. కాకపోతే మాలో మాకు సర్దుబాట్లుండేవి. "రేపు గంట ముందు రా బావా" అంటే వచ్చేవాడు. ఆఫీసు దాకా వెళ్లేది కాదు. ఒకసారి టౌన్లో ఒక లైబ్రరీలో కథల సభ పెట్టి, నా మొదటి కథ చదవడానికి పిలిచారు. షిఫ్టు మారేది రెండింటికైనా బావని ఒంటిగంటకు రమ్మన్నాను, సరేనన్నాడు. నాకే ఆత్రం ఆగలేదు. పన్నెండున్నరకే, కొక్కేనికి లోడు వేలాడుతుండగానే, దిగి బస్సెక్కేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, ఫోర్‌మన్ తలెత్తి చూసేసరికి కేబిన్ ఖాళీ. సరిగ్గా చెప్పిన టైముకి వచ్చిన బావ ఆయనతో, "ఆడు నాకు చార్జి ఇచ్చీసే ఎల్లాడు సార్, నానే టీకని కిందకి దిగీసినాను" అన్నాడట. మెమో బావకొచ్చింది. రావలసిన ప్రమోషనూ ఆ ఏడు రాలేదు.

పుస్తకంలో నేను ఏం రాశానయ్యా అంటే, ఆ ఫోర్‌మన్‌కి బావ చెప్పిందే రాశాను. రిలీవర్‌కి చార్జి ఇచ్చి వెళ్లాను, అతను లోడు వదిలేసి టీకి పోయాడు అని. పేరు రాయలేదు. మా ప్లాంటువాళ్లకి పేరు అక్కర్లేదు, ఎవరో తెలిసిపోతుంది. మరచిపోయి రాశానని ఎవరైనా జాలిపడితే వద్దు, తెలిసే రాశాను. నా మొదటి సభకి నేను దొంగలా పారిపోయి వెళ్లానని అచ్చులో చూసుకోవడానికి సిగ్గేసింది.

మరి బావ చదివాడా, లేదా? ఎన్నిసార్లు కదిపినా ఒకటే మాట. "సదువుతాన్లే బావా, తొందరేటి?" చదవకపోతే ఈ తిరుగుడంతా ఎందుకు? చదివితే మరీ ఎందుకు? రెండూ నమ్మబుద్ధి కాలేదు.

ప్లాన్ మాత్రం బ్రహ్మాండంగా వేశాడు. ముఖ్య అతిథులు వద్దన్నాడు. నా ఉపన్యాసం పది నిమిషాలు దాటకూడదన్నాడు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఏ ఊరి పేజీ ఆ ఊర్లోనే చదవాలి. "యారాడోళ్లకి నీ క్రేన్ గోల ఎందుకు? ఆళ్ల పేజీ ఆళ్లకి సదువు."

సముద్రం ఒడ్డున మా అమ్మమ్మ ఊరు యారాడకి రెండు రోజుల ముందే వెళ్లి ఊరిపెద్దల్ని అడిగొచ్చాడు. పొద్దున్న పడవలొచ్చి, చేపలమ్మడానికెళ్లిన ఆడవాళ్లు తిరిగొచ్చి, అన్నాలు తిన్నాక నాలుగింటికి పెట్టించాడు. మా అమ్మమ్మ ఇసకలో చేపలు ఎండేసే పేజీ చదువుతుంటే ఒక ముసలామె మధ్యలో లేచింది. "అలాగ ఎండేత్తే కుళ్లిపోవా బాబూ? తిరగెయ్యాల. మీ అమ్మమ్మ తిరగేసే ఉంటాది, నువ్వే సూడలేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే బావ వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

మా టౌన్ పాతబస్తీలో నా నోటుపుస్తకాలకి అట్టలు కట్టిన సాయిబు గారి కొట్టు ముందు రెండో సభ. అదీ బాగా జరిగింది. కాకపోతే సగం సేపు నా చూపంతా బావ సంచీ మీదే. పుస్తకం అంచు బయటికి కనిపిస్తోంది, మధ్యలో బస్సు టికెట్టు పెట్టుంది. ఆయన టీ చెప్పడానికి వెళ్లగానే గబుక్కున తీసి చూశాను. అరవై మూడు.

మూడో సభ, చివరిది, స్టీల్ ప్లాంట్ దగ్గరి కూర్మన్నపాలెంలో. పాత షిఫ్టువాళ్లంతా వచ్చే చోటు.

"అక్కడ ఏ పేజీ బావా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"అది నాకొదిలీ."

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు, ఇన్నాళ్లూ ఊళ్లు తిప్పింది ఇందుకేనని తేల్చేసుకున్నాను. మా ఆవిడ "అడిగేస్తే పోలేదా?" అంది. అడిగితే ఆ పేజీ గురించి నేనే నోరు విప్పాలి. ఆ ధైర్యమే ఉంటే అలా రాసేవాణ్ణే కాదు.

హాలు నిండింది. ముందు వరసలో బావ, పక్కన చెల్లెమ్మ, అంటే ఆయన భార్య, ఆవిడ పక్కన కూతురు, అల్లుడు. చెల్లెమ్మ పెళ్లికొచ్చినట్టు పట్టుచీర కట్టుకుంది. అది చూసి ఇంకా భయమేసింది. సాక్షుల్ని తెచ్చుకున్నాడనుకున్నాను.

బావ లేచి తన పుస్తకం నా చేతిలో పెట్టాడు. టికెట్టు అక్కడే ఉంది.

"ఇది సదువు బావా. నా గురించి రాసావంట, మనోడొకడు సెప్పినాడు. పేజీ గుర్తెట్టుకున్నాను గాని నాను సదవలేదు. నీ నోటితోనే ఇందామని ఆగినాను. మా ఇంటోళ్లు కూడా ఇంటారని తెచ్చినాను."

కూతురు ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలెట్టింది.

నా అనుమానాలన్నీ తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది. చదవడం మొదలుపెట్టాను. లైబ్రరీ, నా కథ, బస్సు, అంతవరకూ బాగానే ఉంది. "రిలీవర్‌కి చార్జి ఇచ్చి" దగ్గర ఆగిపోయాను. పుస్తకం దించేశాను. "ఇక్కడ అబద్ధం రాశాను. నేను చార్జి ఇవ్వలేదు. లోడు వదిలేసి పారిపోయింది నేను. ఈయన చెప్పిన టైముకే వచ్చాడు" అన్నాను. వీడియో ఆగిపోయింది.

బావ నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, ఆ వాక్యం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివాడు. మూసి, చెల్లెమ్మకి ఇవ్వబోయి, ఇవ్వకుండా తన చంకలోనే పెట్టుకున్నాడు.

"ఆ అబద్ధం నాను ఫోర్‌మన్ ఒక్కడికే సెప్పినాను బావా," అన్నాడు. "నువ్వు అచ్చేసి నా పిల్లకి కూడా సెప్పీసినావు."