బుధవారం చొక్కా

నా గుండెలో ఒక చప్పుడుండేది. అది వినడానికి ప్రతి బుధవారం పదిమంది పిల్లలు నా చుట్టూ చేరేవారు.

గూడ్సు బళ్ళకు గార్డుగా చేసి రిటైరయ్యాను. బండి తోకన బ్రేక్‌వ్యానులో ఒక్కణ్ణే కూర్చుని వెళ్ళడం నా ఉద్యోగం. ఇంటికొస్తే మా ఆవిడ నోరు మూతపడేది కాదు, నేను విసుక్కునేవాణ్ణి. ఆవిడ పోయింది. పిల్లలు లేరు. క్వార్టరు ఖాళీ చేసి, ఈ హిందీ ఊళ్ళోనే సర్కండా అనే పేటలో రెండు గదుల్లోకి మారాను. అప్పుడు విసుక్కున్నందుకు ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను.

మా ఇల్లు ఊడ్చే ఆవిడకు నడుం నొప్పంటే, పల్లెలవాళ్ళ కోసం నడిపే ధర్మాసుపత్రికి తోడు వెళ్ళాను. అక్కడ డాక్టరు చదువు కూడా చెబుతారు. ఊరికే కూర్చున్న నన్ను చూసి, ప్రాక్టీసు కోసం మీ గుండె వినొచ్చా అని ఒక విద్యార్థిని హిందీలో అడిగింది. వింది. పరుగున వెళ్ళి ప్రొఫెసరుగారిని పిలుచుకొచ్చింది. గుండెలో కవాటం బిగుసుకుపోయిందని, ఆపరేషన్ చేయాలని ఆయన తేల్చారు. ఇంత స్పష్టంగా వినిపించే చప్పుడు దొరకదు, తేదీ వచ్చేలోగా మా పిల్లల కోసం బుధవారాలు వస్తారా అని అడిగారు.

ఎందుకు రాను? కాజాలు వదులైన పాత చొక్కా ఒకటి ఇందుకోసమే తీసి పెట్టుకున్నాను, పిల్లలు బొత్తాలతో కుస్తీ పట్టకుండా. స్టెతస్కోపు అరచేతిలో వెచ్చబెట్టి మరీ ఆనించేవారు. మెట్లెక్కితే ఆయాసమా, ఎన్ని దిండ్ల మీద పడుకుంటారు అని అడిగేవారు. మా ఆవిడ పోయాక నా నిద్ర సంగతి అడిగిన మొదటి మనుషులు వాళ్ళే. ఒక్క ప్రశ్నకు నేను పది జవాబులు చెప్పేవాణ్ణి. విన్నాక బొత్తాలు వాళ్ళే పెట్టాలని ప్రొఫెసరుగారి రూలు.

ఒకసారి పరీక్షలో ఒక కుర్రాడు నీళ్ళు నములుతుంటే నేను మెడ గోక్కున్నాను. ఆ చప్పుడు మెడదాకా పాకుతుందని నాకప్పటికే కంఠతా వచ్చు. వాడు పాసయ్యాడు. ప్రొఫెసరుగారు నన్ను ఉరిమి చూశారు.

ఆపరేషన్ తేదీ వచ్చింది. చుట్టాల పెళ్ళి ఉందన్నాను. రెండోసారి జలుబన్నాను. మూడోసారి మంచిరోజు కాదన్నాను. అప్పటికి ఆటో దిగి వార్డుకు చేరేలోపు రెండుసార్లు ఆగాల్సి వస్తోంది.

మొదట నా గుండె విన్న ఆ అమ్మాయి కూడా మా రైల్వే తెలుగువాళ్ళ పిల్లేనని తర్వాత తెలిసింది. ఒకరోజు అందరూ వెళ్ళాక నన్ను పరీక్షించే మంచం దగ్గర నిలబడిపోయింది.

"ఏటి తాతా, మూడుసార్లు డేట్ మార్చేవట? భయమేటి?"

"భయం కాదమ్మా."

"మరేటి?"

చెప్పేశాను. "ఆ చప్పుడు పోతే మీరంతా నా దగ్గరికి ఎందుకొస్తారే?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అచ్ఛా," అంది. స్టెతస్కోపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకుని, "ఇలాగే ఉంటే చచ్చిపోతావు తాతా. సార్‌కి చెప్పీసేను. ఆపరేషన్ అయ్యేదాకా నిన్ను ఏ బ్యాచ్‌కీ చూపించరు," అంది.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అనుకుంటూ ఇంటికొచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. రెండు బుధవారాలు గడప దాటలేదు. పిల్లలూ లేరు, ఆయాసం మాత్రం ఉంది. మూడో బుధవారం వెళ్ళి ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళకు చూపించుకోవడానికి వెళితే ఆ అమ్మాయే, బ్యాచ్ మొత్తం చూస్తుండగా, స్టెతస్కోపు ఆనించి చాలాసేపు వింది.

"పాత చప్పుడు లేదు తాతా! క్లీన్!"

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ప్రొఫెసరుగారి వెనకే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ సీపత్ పల్లెల వైపు నుంచి వచ్చిన రైతు పడుకుని ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరు ఆయన మీదికి వంగి వింటున్నారు. ఆ అమ్మాయి కూడా వెళ్ళింది. నా చొక్కా బొత్తాలు తెరిచే ఉన్నాయి. కాసేపు చూసి నేనే పెట్టుకున్నాను.

ఇప్పుడు మా ఊరి అర్పా నది వంతెన మీద ఎక్కడా ఆగకుండా నడుస్తున్నాను. ఆ పిల్ల చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయినా బుధవారం పొద్దున్నే స్నానం చేసి, ఆ కాజాలు వదులైన చొక్కానే తొడుక్కుంటాను.