ప్రస్థానం పెట్టిన చేతిసంచి

నిన్న మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "చూడమ్మా, రాజమండ్రి నుంచి హైదరాబాదుకి విమానంలో గంటేనట. నువ్వేమో కాశీయాత్ర చేసినట్టు చెబుతావు" అంది. ఆ గంట రన్‌వే నుంచి రన్‌వేకి తల్లీ! కొత్తపేటలో మా గుమ్మం దగ్గర్నుంచి లెక్కేసే ఫోన్ ఇంకా పుట్టలేదు. పుట్టినా, మా అత్తగారిని దాటి రాలేదు.

కొన్నేళ్ళ క్రితం మా చెల్లెలు నర్సు ఉద్యోగానికి కువైట్ బయల్దేరింది. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగిన పిల్ల. శంషాబాద్‌లో అది విమానం ఎక్కేలోపు ఒక్కసారి కళ్ళారా చూసి పంపాలని నా ఆరాటం. శనివారం మధ్యాహ్నం రాజమండ్రిలో ఎక్కితే సాయంత్రానికి దాని పక్కన ఉంటాను. అత్తగారు పంచాంగం తిప్పి, నేను బయల్దేరే వేళకి వర్జ్యం ఉందన్నారు. దానికి విరుగుడు ప్రస్థానం: ముందురోజే మంచి ఘడియలో మన వస్తువొకటి వేరే ఇంట్లో పెట్టి వస్తే ప్రయాణం మొదలైనట్టే, మర్నాడు పోతూ పోతూ తీసుకోవాలి. ఏ పాత చీరో పెట్టొచ్చు కదా! ఆవిడ నా చేతిసంచినే పట్టుకెళ్ళి ఎదురింటి పిన్నిగారింట్లో పెట్టి వచ్చారు. నా ఆధార్ కార్డు అందులోనే ఉంది. అది చూపించందే విమానాశ్రయంలోకి అడుగు పెట్టనివ్వరు.

తీరా కారొచ్చి హారన్ కొడుతుంటే పిన్నిగారింటికి తాళం. ఏడు శనివారాల మొక్కట, వాడపల్లి గుడికి వెళ్ళారు. ఫోన్ చేస్తే తాళం వేసిన ఇంట్లోంచే మోగింది.

"కంగారెందుకమ్మా, నీ ప్రయాణం నిన్ననే మొదలైపోయింది కదా" అన్నారు అత్తగారు నింపాదిగా.

"సంచి వెళ్ళిందండీ, నేనే ఇంకా ఇక్కడున్నాను" అన్నాను.

మా వారు బండి మీద వాడపల్లి పరిగెత్తి, గుడి చుట్టూ ఆ జనంలో పిన్నిగారిని వెతికి పట్టుకుని, తన ఫోన్ ఆవిడ చేతికిచ్చారు. "ఆయ్, తాళంచెవి నా దగ్గరే ఉందమ్మా! ముడుపుతో కలిపి కొంగున ముడేసేను. ప్రదక్షిణాలు అవకుండా విప్పకూడదు కదా, ఇంకా నాలుగే ఉన్నాయి" అన్నారావిడ. స్వామివారి పేరెత్తాక ఎవరితో వాదించను?

ప్రదక్షిణాలయ్యి, తాళంచెవి వచ్చి, సంచి నా చేతికందేసరికి ఆలస్యమైపోయింది. ఆ వాదన కరువంతా విమానాశ్రయంలో తీర్చుకున్నాను. కౌంటర్ మూసేశామన్నారు. అద్దాల అవతల విమానం కదలకుండా నిలబడే ఉంది, అయినా ఎక్కనివ్వలేదు. రాత్రి బస్సెక్కినా తెల్లారేసరికి చెల్లెలుండదు. ఇంతలో దాని ఫోన్.

"అక్కా, ఎక్కడున్నావే? వచ్చేసేవా?"

"రాజమండ్రిలోనే ఉన్నానే."

"అన్నం తిన్నావా?" అంది. ఆ మాట అడగాల్సింది నేను.

"క్షేమంగానే చేరింది కదమ్మా" అంటారు అత్తగారు ఇప్పటికీ. చేరింది. వీడియోలో కనిపిస్తూనే ఉంటుంది. దాని చెవి పక్కన జుట్టు నెరిసిందని మొన్న చూశాను. ఎప్పుడు మొదలైందో తెలియదు. దూరాన ఉన్న మనిషి దగ్గర కాలం చప్పుడు చెయ్యకుండా నడుస్తుంది. మనం తల తిప్పి చూసేసరికి చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.