లోపలి కుట్టు

చింతామణిలో నేను హెడ్‌మాస్టరుగా ఉన్న బడికి యూనిఫారాలు కుట్టే ఆమె, ప్రతి చొక్కానూ ముందు తిరగేసి లోపలి కుట్టే చూపించేది.

"పైన ఎవురైనా బాగానే కుడతారప్పా," అనేది.

ఒక ఏడాది ఆటల డ్రెస్సులూ కావాల్సొచ్చాయి. బెంగళూరు కంపెనీవాళ్ళు నమూనాలతో వచ్చారు. ఆమెనూ పిలిచి అడిగాను. ఆ సాగే బట్టను వేళ్ళతో లాగి చూసింది.

"నా మిషన్‌లో ఇది నిలవదప్పా. పిల్లోళ్ళు పరిగెత్తితే పిగిలిపోతాది. వాళ్ళకే ఇయ్యండి."

బట్టను మడిచి నా బల్ల మీద పెట్టేసింది. పని లేక అప్పటికే ఇద్దరు కుట్టేవాళ్ళను మాన్పించి ఉంది.

"వేరే మిషన్ దొరికితే కుడతారా అమ్మా?"

"బాగేపల్లిలో మా చెల్లెలి దగ్గర ఉండాది. నేర్చుకునేకి నెల పడతాది."

కంపెనీవాళ్ళను పంపించేసి, ఆటల పోటీలు నెల వాయిదా వేశాను.