పాలపిట్ట పోయి యాడ వాలిందో సూడుండ్రి!

దసరా నాడు ఒక పిట్ట నన్నెట్ల ఆగం జేసిందో ఇనుండ్రి. మీరు నవ్వుతరు గానీ, నాకింకా కడుపు మండుతనే ఉంది!

కండ్లకోయ కాడ ఇంజనీరింగ్ సగంల ఇడ్సిపెట్టినంక నాది ఒక్కటే పని. పొద్దుగాల లేసుడు, శామీర్‌పేట వాగు పొంటి నడుసుడు. వానలు ఎన్కవడ్డంక ఆ వాగు మస్తుంటది. గునుగు పూలు తెల్లగ ఊగుతయి. లకుముకి పిట్ట నీళ్లల్లకు సర్రున దుంకుతది. ముంగిస అడ్డం ఉరుకుతది. మా బాపుకు గవేం కనవడయి. వాగు అవుతల ఆయన ప్లాట్ల వెంచర్ ఉంది, గదే కనవడుతది.

"తిరిగింది సాలు. పండుగైనంక సైటుకు రా, కస్టమర్లకు ప్లాట్లు సూపెట్టు" అన్నడు.

"నాకు వాగు కాడ పనుంది బాపు."

"ఏం పని రా? కొంగలకు అటెండెన్స్ తీస్తవా?"

సుర్రుమన్నది నాకు! మా అవ్వ దసరా నాడు పాలపిట్టను సూడంది బువ్వ ముట్టదు. పోయినేడు యాడా దొరకక, ఫోన్ల ఫోటో సూశి మనసొప్పకున్నా తిన్నది. గందుకే అన్న: "ఈసారి అవ్వకు నిజం పిట్టను సూపిస్త. సూపిస్తె నువ్వు సైటు మాట ఎత్తొద్దు. సూపియ్యకుంటె తెల్లారే అస్త."

"పక్కా?"

"పక్కా!"

వాగు కాడి పాలపిట్ట రోజూ ఒకే కరెంటు తీగ మీద కూసుంటది. నాకేం ఫికర్ అనుకున్న. పండుగ సాయంత్రం అవ్వను, బాపును తోల్కొని పోయి సూస్తె ఏముంది? వాగు పొంటి జాతర! ఈలలు, సెల్ఫీలు. ఒకడైతే పిట్టను ఎతకనీకె డ్రోన్ ఎగరేస్తాండు! ఆ సప్పుడుకు కాకి గూడ లేదు.

"ఏది రా నీ పిట్ట? లీవ్‌ల ఉందా?" బాపు ఇకిలిస్తాండు.

అంతల ఒకడు పంజరం పట్టుకొని అచ్చిండు. లోపల పాలపిట్ట! రెక్కలు ముడుసుకొని బెదిరి సూస్తాంది. "రాండ్రమ్మా, దర్శనం జేస్కోండ్రి!" అంటాండు. జనం ఎగవడ్డరు.

అవ్వ మొఖం తిప్పుకున్నది. "బందీల ఉన్నదాన్ని సూస్తె ఏం పుణ్యం బిడ్డా? ఇంటికి పోదాం పా." పొద్దటి సంది మంచినీళ్లే తాగింది.

నాకు మెదడు గిర్రుమన్నది. "ఇడువన్నా దాన్ని!"

"నీదా పిట్ట?"

"నీదా మరి?"

పంజరం గుంజుకొని తలుపు తీశిన. నా ఏలు పొడిసింది, భర్రున లేసింది! నీలి రెక్కలు ఇప్పుకొని వాగు మీదికెళ్లి పోతాంటె జనమంత ఒకటే కేకలు. పంజరపోడు నా కాలర్ పట్టిండు. "పిట్టను పడితె కేసైతది బిడ్డా" అని ఎవరో ఫోన్ తీసేసరికి వాడు గాయబ్.

"కనవడ్డది బిడ్డా! మంచిగ కనవడ్డది!" అవ్వ చేతులు జోడిచ్చింది.

"గెలిసిన బాపు!" అన్న.

బాపు నా దిక్కు సూస్తలేడు. అవుతలికి సూస్తాండు. నేను గూడ సూశిన.

పిట్ట పోయి ఆయన వెంచర్ బోర్డు మీదనే వాలింది! ఊరంత గా బోర్డుకు దండం పెడుతున్నరు!

"ఆ ప్లాట్లు ఎవరియన్నా?" ఎవరో అడిగిండ్రు. బాపు అప్పటికే కార్డులు పంచుతాండు.

"సైటు మాట ఎత్తనన్నవ్ గదా!"

"నేనేడ ఎత్తిన రా? జనం ఎత్తుతున్నరు."

గప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకున్నది. "పిట్టను ఇడిసిన చెయ్యి బిడ్డా, మస్తు కలిసస్తది. నువ్వే పోయి ప్లాట్లు సూపెట్టు. పోనంటె నేను బువ్వ తినేదే లేదు."

ఇంకేం జేస్త? ఇగ రోజూ ఆ బోర్డు కిందనే ఎండకు మాడుతున్న. నిన్న ఒకాయన కారు దిగి, "ఆ పిట్ట రోజూ వస్తదా తమ్మీ?" అని అడిగిండు.

పండ్లు కొరుక్కుంట చెప్పిన: "వస్తది సార్. ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లకే వస్తది."