గుహ ఆటకు ముగింపు ఉంది

మా అన్న ఫోన్ చేసి తను రాసిన ముక్క చదివి వినిపించగానే నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ఆటకు ముగింపు లేదు. చివరి గది దాటడం ఎవరి తరమూ కాదు" అని రాశాడు! అదీ ఇంటర్నెట్‌లో, దేశదేశాల వాళ్లు చదివే చోట పెట్టడానికి!

తొంభైలలో, ఆళ్లగడ్డలో మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, నాయన స్నేహితుడొకాయన మద్రాసు నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ మా ఇంటికి చేరింది. చూడ్డానికి వట్టి కీబోర్డే. దాన్ని టీవీకి తగిలించి, టేప్ రికార్డర్‌లో ఆట క్యాసెట్ పెడితే కీచుమని అరిచి అరిచి ఆట మొదలయ్యేది. "ఏందీ రంపపు కోత!" అని అమ్మ చెవులు మూసుకునేది.

మాకు ప్రాణం గుహ ఆట. తాళంచెవులు ఏరుకుంటూ ఒక మనిషి గుహలోంచి బయటపడాలి. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను చివరి గది దాటేశాను. మనిషి బయటికొచ్చాడు, ఎదురుగా ఓ కుక్కపిల్ల ఎగురుకుంటూ వచ్చింది. అంతే, కరెంటు పోయింది!

"గుహకాడ కుక్క యాడిది మే? కల గన్నావా?" అని అన్న పడీ పడీ నవ్వాడు. నేను ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా, కనబడితే చాలు, "ఏమ్మే, కుక్కపిల్ల బాగుండాదా?" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక నంద్యాలలో కాపురం పెట్టిన అన్న, అటక మీది ఆ కంప్యూటర్‌ను దించి బాగుచేయించాడు. పాత ఆటలు ఒక్కోటీ మళ్లీ ఆడి, మంచీచెడూ రాసి ఇంటర్నెట్‌లో పెడుతున్నాడు. రాసుకోనీ, నాకూ సంతోషమే. కానీ నేను కళ్లారా చూసినదాన్ని లేదంటాడా? ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కాను.

"యాడ పెట్టినావ్ దాన్ని?" గడప దాటుతూనే అడిగాను.

"ముందు కాఫీ తాగు మే."

"కాఫీ లేదు ఏం లేదు, క్యాసెట్ పెట్టు!"

ఆ కీచుగొంతు వినగానే, అబ్బ, మళ్లీ చిన్నపిల్లనైపోయాను! వేళ్లకు అన్నీ గుర్తున్నాయి. పక్కన అన్న "ఎగురు, ఎగురు!" అని ఒకటే కేకలు. నన్ను ఆడనిస్తే కదా!

చివరి గదికి చేరాను. అక్కడ గబ్బిలాన్ని చూసి అందరూ ఎగిరి చస్తారు. కదలకుండా నిలబడితే అదే పైనుంచి పోతుంది. నిలబడ్డాను. అప్పుడే ఫ్యాను ఆగింది, లైటు ఆరింది.

"అయిపాయ!" అని అరిచాను. టీవీ మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఇన్వర్టర్‌కు తగిలించినాలే," అన్నాడు అన్న. "ఆ పొద్దు కూడా కరెంటే గదా పోయింది నీకు."

గిర్రున తిరిగి చూశాను. "అంటే నన్ను నమ్మినావా?"

"నా మొగం కాదు, ఆట చూడు మే!"

గబ్బిలం నెత్తి మీంచి పోయింది. తలుపు తెరుచుకుంది. మనిషి బయట అడుగుపెట్టాడు. నాలుగు తెల్ల గడులంత కుక్కపిల్ల ఎగురుకుంటూ వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను. ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది.

అన్న టీవీ గాజు మీద వేలు పెట్టి, "తోక గూడా ఊపుతాంది గదమే!" అన్నాడు.

"ముందు ఇంటర్నెట్‌లో ఆ ముక్క తీసెయ్!"

"పెడితే గదా తీసేది! ఆ గది దాటలేక నేనే చస్తాండా. రమ్మంటే పనుందంటావు. కోపమొస్తే బస్సెక్కుతావని ఫోన్లో అట్ల చదివినా."

వీపు మీద ఒక్కటిచ్చాను. కరెంటు వచ్చాక, ముగింపు ఉందని, దాన్ని తనకంటే ముందే తన చెల్లెలు చూసిందని పక్కనే కూర్చుని రాయించాను.